ఆగుట కూడ ఒక విద్య

నాకు పండ్రెండవ యేట సైకిలు తొక్కుట వచ్చినది. ఆపుట మాత్రము రాలేదు. ఆ రోజులలో మా ఊరిలో సైకిళ్లు అద్దెకిచ్చు దుకాణ మొకటి యుండెడిది. ఆ దుకాణములో బ్రేకు ఉన్న సైకిలునకు గంట యుండదు. గంట యున్న సైకిలునకు బ్రేకు ఉండదు. ఒకనాటి సాయంకాలము బ్రేకు లేని సైకిలు నా వంతునకు వచ్చినది. కాలువ గట్టు మీదినుండి ఊరిలోనికి దిగు వాలు దారిలో దానిని విడిచితిని. మొదట ఆనందము, పిమ్మట ఆశ్చర్యము, ఆ పిమ్మట భయము, మూడును మూడు క్షణములలో కలిగినవి. కాలు నేలకు ఆనించి రాచితిని, చెప్పు ఊడిపోయినది. కడకు ఒక గడ్డివాము నన్నును సైకిలును కూడ ఆపినది. నా మోకాలి గాయమును చూచి మా నాయనగారు కోపపడలేదు. "పోవడం అందరికీ వస్తుందిరా. ఆగడం నేర్చుకో" అని మాత్రము అనిరి.

ఆ మాట నాకు చక్కగా బోధపడుటకు ఇరువదియారు సంవత్సరములు పట్టినది. దానిని నాకు బోధపరచినవారు ఇద్దరు. ఒకటి భూమికి కోట్ల మైళ్ల దూరమున అంగారక గ్రహము చుట్టును తిరిగిన ఒక నౌక. రెండవవాడు మా బడిలోని ఒక పిల్లవాడు. ఆ రెండు కథలును ఒకే కాలమున నడచినవి కావున రెంటిని కలిపియే చెప్పుచున్నాను.

1997వ సంవత్సరమున నేనొక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా పని చేయుచుంటిని. ఆ యేడు జూను నెలలో ఏడవ తరగతిలో ఒక పిల్లవాడు చేరెను. వానికి పదునాలుగేండ్లు. మూడు సంవత్సరములు బడి మాని, గేదెలు కాచి, మరల చదువుకొనవలెనన్న కోరికతో వచ్చినవాడు. తోటి పిల్లలకంటె జానెడు పొడుగు. పద్యము ఒక్కమారు వినిన చాలును, తప్పు లేకుండ అప్పగించెడివాడు. వ్రాయుమనిన మాత్రము ఒక్కొక్క అక్షరమును రాతిలో చెక్కినట్లు కష్టముతో వ్రాసెడివాడు. వాని తెలివికి నేను ముచ్చటపడితిని. మార్చి నెలలో జరుగు ఏడవ తరగతి పరీక్షకు వానిని ఎట్లయినను సిద్ధపరచవలెనని పట్టుదల పూనితిని. మూడేండ్ల చదువును తొమ్మిది నెలలలో నింపదలచితిని. తెల్లవారుజామున ఐదు గంటలకు మా యింట పాఠము. బడి విడిచిన పిమ్మట మరల పాఠము. ఆదివారమునకు కూడ సెలవు లేదు. నేను చేయుచున్నది మేలే యను నమ్మకము నాకు పూర్తిగా నుండెను. వాడును ఒక్కనాడైనను వలదనలేదు.

దసరా సెలవులు ముగిసినవి. పిల్లలందరును వచ్చిరి, వాడు రాలేదు. వారము గడచినది, నెల కావచ్చినది. "ఇంత శ్రమపడి చెప్పితిని, వానికి కృతజ్ఞత లేదు" అని మనసులో నొచ్చుకొంటిని. హాజరు పట్టికలో వాని పేరునకు ఎదురుగా వరుసగా పడుచున్న గైరుహాజరు గుర్తులను చూచినప్పుడెల్ల నాకు కోపమే వచ్చెడిది గాని, వేరొక ఆలోచన రాలేదు.

నవంబరు నెలలో ఒకనాడు మధ్యాహ్న విరామ సమయమున మా సైన్సు మాస్టారు ఒక పత్రికను చేతబట్టుకొని ఉపాధ్యాయుల గదిలోనికి వచ్చిరి. ఆయనకు ఆకాశమన్న ప్రాణము. "పంతులుగారూ, ఈ సంగతి విన్నారా? అంగారకుడి దగ్గర ఒక నౌక రెక్క విరిగి కూడ పని చేస్తోంది" అనిరి. "ఆకాశములో నౌకకు రెక్క యెందులకు, మాస్టారూ?" అని నేను అడిగితిని. ఆయన కుర్చీ దగ్గరకు లాగుకొని చెప్పనారంభించిరి. ఆ దినమున ఆయన చెప్పినదానిని, తరువాతి సంవత్సరములలో నేను చదివి తెలిసికొన్నదానిని కలిపి మీకు చెప్పెదను.

ఆ నౌక పేరు మార్స్ గ్లోబల్ సర్వేయర్. అమెరికా దేశపు నాసా సంస్థ దానిని 1996 నవంబరు 7వ తేదీన ప్రయోగించినది. కాలిఫోర్నియా రాష్ట్రమున పాసడీనాలో నున్న జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీవారు దాని బాగోగులు చూచుచుండిరి. అది పదినెలలు ప్రయాణము చేసి 1997 సెప్టెంబరులో అంగారకుని చేరినది. చేరుట ఒక యెత్తు. అక్కడ నిలుచుట వేరొక యెత్తు. అంత దూరమునుండి వచ్చు నౌక మహావేగముతో వచ్చును. ఆ వేగమును తగ్గించుకొనకున్న, అది గ్రహమును దాటి శూన్యములోనికి సాగిపోవును. అక్కడ కాలు ఆనించుటకు నేల లేదు. ఆపుటకు గడ్డివాము లేదు.

వేగము తగ్గించుటకు ఒక దారి ఇంజను. నౌక తాను పోవు దిక్కునకే మంటను వెడలగ్రక్కిన, దాని వేగము తగ్గును. కాని అందులకు ఇంధనము కావలెను. ఇంధనమునకు బరువు ఉన్నది. ఆ బరువును భూమినుండి లేపుటకు మరింత పెద్ద రాకెట్టు కావలెను. పెద్ద రాకెట్టునకు మరింత ధనము కావలెను. ఇంతకు మునుపు 1993వ సంవత్సరమున మార్స్ అబ్జర్వర్ అను పెద్ద నౌక అంగారకుని చేరుటకు మూడు దినముల ముందు మూగవోయినది. దానికొరకు చేసిన పరికరములలో మిగిలిన జోడు పరికరములను తీసికొని, ఈ రెండవ నౌకను తక్కువ వ్యయముతో నిర్మించిరి. ఇది మొదటిదానిలో సగము బరువైనను లేదు. కావలసినంత ఇంధనమును మోయు శక్తి దీనికి లేదు. ఉన్న ఇంధనముతో ఇంజనును ఇరువది రెండు నిమిషములు మండించి, అంగారకుని ఆకర్షణకు చిక్కునంత మాత్రము వేగము తగ్గించుకొన్నది. అప్పుడు దాని కక్ష్య మిక్కిలి సాగిన కోడిగ్రుడ్డు వలె నుండెను. ఒక కొన గ్రహమునకు 262 కిలోమీటర్ల యెత్తున, రెండవ కొన 54,000 కిలోమీటర్ల దూరమున ఉండెను. ఒక చుట్టు తిరుగుటకు 45 గంటలు పట్టుచుండెను. గ్రహమునంతటిని శ్రద్ధగా పటము వ్రాయవలెనన్న, సుమారు 400 కిలోమీటర్ల యెత్తున, రెండు గంటలకొక చుట్టు చొప్పున, గుండ్రముగా తిరుగవలెను.

ఆ మిగిలిన పనిని గాలిచే చేయించుకొనుటయే ఇందలి ఉపాయము. అంగారకుని చుట్టును గాలి కలదు. అది మిక్కిలి పలుచన; అక్కడి నేలపైన కూడ దాని ఒత్తిడి మన గాలి ఒత్తిడిలో నూటికొక వంతునకు లోపే. నౌక తన దగ్గరి కొనను కొంచెము దింపుకొని, సుమారు 110 కిలోమీటర్ల యెత్తున ఆ గాలి పై పొరను రాచుకొనుచు పోవును. సూర్యరశ్మినుండి విద్యుత్తును తీయుటకు దానికి రెండు వెడల్పాటి ఫలకములు రెక్కల వలె ఉన్నవి. వానిని చాచి గాలికి ఎదురొడ్డును. కొన్ని నిమిషములు మాత్రమే ఆ రాపిడి. ఆ గాలి తాకిడి చదరపు మీటరునకు కొన్ని పదుల గ్రాముల బరువు వేసినట్లుండును. అంతకు మించి లేదు. ఆ కొంచెముతోనే నౌకవేగములో రవ్వంత వేడిగా మారి పోవును. చలికాలమున మీరు అరచేతులను రాచుకొనిన వేడి పుట్టును గదా, అదియు ఇట్టిదే.

"దగ్గరి కొనలో రాచిన, దూరపు కొన ఎట్లు తగ్గును?" అని నేను అడిగితిని. సైన్సు మాస్టారు కిటికీలోనుండి బయట చింతచెట్టును చూపిరి. దాని కొమ్మకు పిల్లలు ఉయ్యాల కట్టి ఊగుచుండిరి. "ఉయ్యాల అన్నిటికంటె వేగంగా ఉండేది ఎక్కడండీ? అడుగున గదా! అక్కడ మీరు నిలబడి, అది పోయిన ప్రతిసారీ పైపంచె అంచుతో తాకించారనుకోండి. దానిని మీరు ఆపలేదు. కాని అవతలి వైపు అది ఎక్కే ఎత్తు ప్రతిసారీ కొంచెం తగ్గుతుంది. నౌక కూడ అంతే" అనిరి. వ్యాకరణ సూత్రము ఉదాహరణతో తేటపడినట్లు నాకు తేటపడినది.

ఈ విద్య అంతకుముందే కొంత అభ్యాసములో నుండెను. 1991 మార్చిలో జపాను దేశపు హితెన్ అను నౌక భూమి వాయుమండలపు పై పొరలో దీనిని మొదటిసారి పరీక్షించినది. 1993వ సంవత్సరమున మెగల్లాన్ అను నౌక శుక్రుని వాయుమండలమున వందల పర్యాయములు మునిగి తేలి తన కక్ష్యను కుదించుకొన్నది. కాని మెగల్లాన్ అప్పటికి తన ముఖ్యకార్యమును ముగించుకొని యుండెను. ఈ అంగారక నౌకకో, ఈ విద్య ఫలించిననే గాని అసలు కార్యము మొదలు కాదు.

ఇక రెక్క సంగతి. భూమినుండి బయలుదేరిన వెంటనే ఫలకములు విచ్చుకొనునప్పుడు, ఒక దానిలో చిన్న మీట విరిగి కీలులో ఇరుకుకొన్నది. అందుచేత ఆ రెక్క పూర్తిగా చాచుకొనలేదు. సుమారు 20 డిగ్రీలు వెనుకబడి నిలిచినది. నౌక గాలిలో మునుగ నారంభించిన పిదప, అక్టోబరు మొదటి వారమున గాలి అనుకొన్నదానికంటె దట్టముగా తగిలెను. గాయపడిన రెక్క తానుండవలసిన చోటును దాటి వంగెను. పాసడీనాలోని శాస్త్రజ్ఞులు కలతపడిరి. ఆ రెక్క విరిగిపోయిన విద్యుత్తు పోవును. విద్యుత్తు పోయిన నౌక పోవును. పోయి చూచివచ్చుటకు వీలుగాని దూరము అది. ఇక్కడినుండి పంపిన మాట అక్కడికి చేరుటకే పది నిమిషములకు పైగా పట్టును.

అప్పుడు వారేమి చేసిరని అడిగితిని. సైన్సు మాస్టారు నవ్వి, "తొందర మానుకొన్నారు, పంతులుగారూ" అనిరి.

నిజముగా వారు చేసిన దదియే. ముందుగా నౌకను గాలికి అందకుండ కొంత పైకి లేపి, వారముల తరబడి రెక్కకు విశ్రాంతి నిచ్చిరి. ఆ లోపల భూమిపై ప్రయోగములు చేసి, రెక్క మొదట ఎక్కడ పగిలినదో, ఎంత బలమునకు ఓర్చునో లెక్క కట్టిరి. నవంబరులో మరల గాలిలోనికి దింపిరి గాని, మునుపటి ఒత్తిడిలో సుమారు మూడవ వంతునకు మించనీయలేదు. ఆ నెల చివర అంగారకునిపై దుమ్ముగాలి లేచి, పైనున్న గాలి చిక్కబడగా, నౌకను మరికొంత పైకి తీసికొనిరి. దినదినమును గాలిని బట్టి, రెక్కను బట్టి లోతును నిర్ణయించిరి. ఈ నిదానము వలన ఒక చిక్కు వచ్చినది. నౌక ఏ చోటను దాటినను అచ్చట మధ్యాహ్నము రెండు గంటల వేళ కావలెను. వెలుగు ఎల్లప్పుడు ఒకే విధముగ పడిననే గాని ఒక చిత్రమును మరొక చిత్రముతో పోల్చుటకు వీలుండదు. ఆ అమరిక కొరకు మరల నెలల తరబడి నిరీక్షింపవలసి వచ్చినది. 1998 మార్చిలో మొదలు కావలసిన పటరచన 1999 మార్చికి వెనుకబడినది. ఒక సంవత్సరము ఆలస్యము! దానిని వారు ఓటమిగా ఎంచలేదు.

ఆ మధ్యాహ్నము ఈ కథ అంతయు విని, నేను తరగతికి పోయి హాజరు పట్టికను తెరచితిని. ఆ పిల్లవాని పేరు కనబడినది. ఈసారి కోపము రాలేదు, సిగ్గు కలిగినది. గాయపడిన రెక్క మీద నేను ఎంత గాలిని తోసితిని! వాడు ఎంత ఓర్చునో ఒక్కనాడైనను లెక్క కట్టితినా? వాడు వలదనలేదు నిజమే. ఆ రెక్కయు పలుకలేదు, వంగినది.

సాయంకాలము వాని వాడకు పోతిని. వాడు చెరువు గట్టున గేదెలతో నుండెను. నన్ను చూచి పారిపోబోయి, మరల నిలిచిపోయెను. ఎందుకు రావడము లేదని అడిగితిని. చాలసేపు నేల చూపులు చూచి, "నాకు రాదండి, మాస్టారూ. మీరు చెప్పింది ఒకటి పట్టుకొనేసరికి ఇంకొకటి వచ్చేస్తుంది. తెల్లవారుతుందంటే భయం వేస్తుందండి" అనెను. నేను వానికి నీతులు చెప్పలేదు. "తప్పు నాది. ఈ యేడు పరీక్ష మాట తలపెట్టము. దినమునకు ఒక్క పాఠము. అది నీకు వచ్చినదని నీవు చెప్పిన తరువాతనే రెండవది" అంటిని. వాడు నమ్మలేదు. మూడు దినముల తరువాత వచ్చెను.

ఆ యేడు వాడు పరీక్షకు కూర్చుండలేదు. నన్ను హేళన చేసినవారును లేకపోలేదు. 1999వ సంవత్సరమున, ఒక యేడు ఆలస్యముగా వ్రాసి, సామాన్యమైన మార్కులతో ఉత్తీర్ణుడయ్యెను.

అంగారకుని వద్ద ఆ ఆలస్యము వ్యర్థము కాలేదు. గాలిలో మునుగు ప్రతిసారియు నౌక గ్రహమునకు అతి సమీపమునకు పోయెడిది. ఆ సమయములలోనే దానిలోని పరికరము ఒక వింతను కనిపెట్టినది. అంగారకుని రాళ్లలో కొన్ని చోట్ల ప్రాచీనకాలపు బలమైన అయస్కాంతశక్తి నిలిచియున్నది! ఒకప్పుడు ఆ గ్రహమునకు మన భూమికి వలె గర్భమున పుట్టిన అయస్కాంతక్షేత్రము ఉండెడిదని దాని వలన తేలినది. 1998వ సంవత్సరమున మునుగుట ఆపి నిరీక్షించు నెలలలో నౌక చిత్రములు తీసినది. 1976లో వైకింగు నౌక తీసిన చిత్రమున మనిషి ముఖము వలె కనబడి, ఎందరినో ఊహలలో ముంచిన ఒక కొండ, వట్టి కొండయే యని 1998 ఏప్రిలులో ఆ చిత్రముల వలన తెలిసినది. 1999 ఫిబ్రవరిలో గాలితోడి పని ముగిసినది. ఆ గాయపడిన రెక్కతోనే ఆ నౌక 2006 నవంబరు వరకు పని చేసినది. ఒక్క అంగారక సంవత్సరము, అనగా 687 దినములు పటము వ్రాసిన చాలునని పంపిన నౌక, ఏడేండ్లకు పైగా వ్రాసినది.

బాలలారా, గాలి మేలే చేయునని తలపకుడు. అది కొలత నెరిగినవానికే స్నేహితుడు. మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను మరొక నౌక 1999 సెప్టెంబరు 23వ తేదీన అంగారకుని చేరినది. అదియు గాలి సాయముతోనే కక్ష్యను కుదించుకొనవలసినది. దాని చిన్న ఇంజనుల తోపుడును ఒక వర్గమువారు పౌనులలో లెక్కించి పంపిరి. రెండవ వర్గమువారు దానిని న్యూటనులుగా భావించిరి. ఒక పౌను బలమునకు సుమారు నాలుగున్నర న్యూటనులు. ఆ తేడా నెలల తరబడి పేరుకొన్నది. గ్రహమునకు 226 కిలోమీటర్ల యెత్తున పోవలసిన నౌక 57 కిలోమీటర్ల యెత్తునకు దిగిపోయి, మరల పలుకలేదు. లెక్కలో అంకె ప్రక్కన ప్రమాణము వ్రాయలేదని మీ మాస్టారు మార్కు తగ్గించినప్పుడు ఈ నౌకను జ్ఞాపకము చేసికొనుడు.

తరువాత వచ్చినవారు ఈ రెండు పాఠములను మరువలేదు. మార్స్ ఒడిస్సీ 2001 అక్టోబరులో చేరి, 2002 జనవరి నాటికి ఈ పని ముగించినది. మార్స్ రికనైజెన్స్ ఆర్బిటర్ 2006లో అయిదు నెలలలో 426 మారులు గాలిలో మునిగి, 35 గంటల చుట్టును రెండు గంటల చుట్టుగా మార్చుకొన్నది. ఐరోపావారి ట్రేస్ గ్యాస్ ఆర్బిటర్ 2017 మార్చినుండి 2018 ఫిబ్రవరి వరకు దాదాపు సంవత్సర కాలము ఓపికతో ఈ తపస్సు చేసినది.

మన తీరమున కూడ గాలి ఒక నౌకను నెమ్మదింపజేసినది. శ్రీహరికోటనుండి 2007 జనవరి 10వ తేదీన ఎగిరిన 550 కిలోగ్రాముల చిన్న నౌక, పండ్రెండు దినములు భూమిని చుట్టి, జనవరి 22వ తేదీన బంగాళాఖాతములో దిగినది. ఇది రాచుకొని పోవుట కాదు. ఒక్కమారుగా గాలిలోనికి దూకుట. సెకనుకు సుమారు 8 కిలోమీటర్ల వేగముతో వచ్చిన ఆ నౌకను, సముద్రమునకు 5 కిలోమీటర్ల యెత్తునకు వచ్చుసరికి గాలి ఒక్కటియే సెకనుకు 101 మీటర్ల వేగమునకు దింపినది. మిగిలినది పారాచూట్లు చూచుకొన్నవి. ఆ దూకుడులో పుట్టు వేడికి కాలిపోకుండ దానికి ప్రత్యేకమైన పెంకుల కవచమును తొడిగిరి. దూకవలసిన నౌకకు కవచమును, కవచము లేని నౌకకు నిదానమును కల్పించిరి. ఎవరి బలమునకు తగిన దారి వారిది.

నేను ప్రధానోపాధ్యాయుడనై, ఉద్యోగ విరమణకు దగ్గరగా నున్న దినములలో, 2018 జూనులో ఒక తండ్రి తన కుమార్తెను ఆరవ తరగతిలో చేర్చుటకు మా బడికి వచ్చెను. గుమాస్తా ఇచ్చిన దరఖాస్తును తీసికొని, బల్ల మీద పెట్టుకొని, తానే పూరింప నారంభించెను. ప్రక్కనున్నవారు తొందరపెట్టుచుండిరి. అతడు తొందరపడలేదు. ఒక్కొక్క అక్షరమును చెక్కినట్లు వ్రాసి, చివర సంతకము చేసి, తలయెత్తి నన్ను చూచి నవ్వెను. ఆ వ్రాతను చూచియే నేను గుర్తుపట్టితిని.

ఆ పిల్లను తరగతికి పంపుచు, ఆమె ఉపాధ్యాయునితో నేనొక్క మాట మాత్రము చెప్పితిని: "ముందు ఈ పిల్ల ఎంత లోతునకు ఓర్చునో చూడండి. పాఠముల లెక్క తరువాత చూచుకొందము."